అన్నా సారా కుగ్లర్

అన్నా సారా కుగ్లర్ (ఏప్రిల్ 19, 1856 - జూలై 26, 1930) అమెరికా దేశానికి చెందిన లూథరన్ వైద్య మిషనరీ. గుంటూరులో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని నెలకొల్పిన వైద్యురాలిగా ప్రసిద్ధి చెందింది.

తొలి జీవితం

ఈమె పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆర్డ్‌మోర్‌లో జన్మించింది. 1879లో ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల నుండి పట్టభద్రురాలై, నారిస్‌టౌన్ మానసిక చికిత్సాలయంలో పనిచేసింది.

గుంటూరు రాక

వైద్యురాలిగా భారతదేశానికి వెళ్ళాలన్నది ఈమె కోరిక. కాని లూథరన్ మహిళా మిషనరీ సంఘం అప్పటికి వైద్యసేవ చేపట్టుటకు సిద్ధంగా లేదు. అందువలన 1883లో సాధారణ మిషనరీగా, ఘోషా స్త్రీలకు, బాలికలకు బోధించే పనిపై గుంటూరు చేరింది. అయినప్పటికీ మందులు వెంట తెచ్చుకొని, బోధనతో పాటు చికిత్స కూడా ప్రారంభించింది. పురుష వైద్యుల వద్దకు వెళ్ళుటకు ఆచారం అంగీకరించని స్త్రీలకు ఈమె అవసరం ఎంతో ఉండేది. అన్ని కులాలవారికీ వైద్యం చేయుటచే అగ్రవర్ణాలవారు మొదట్లో ఈమె స్పర్శను మైలగా భావించారు. చివరకు 1885లో సంఘం ఈమెను వైద్య మిషనరీగా నియమించింది.

ఆసుపత్రి

స్వదేశానికి సెలవుపై వెళ్ళినపుడు ఈమె ఆసుపత్రికై నిధులు సేకరించింది. 1893లో మందులిచ్చే వైద్యశాల, 1898లో ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. తన భార్యకు ఇక్కడ జరిగిన చికిత్సకు కృతజ్ఞతగా, ఏలూరుకు చెందిన జమీందారు, కవి రాజా మంత్రిప్రగడ భుజంగరావు రోగుల బంధువుల కొరకు సత్రం కట్టించాడు. ఒకప్పుడు మైలగా భావింపబడిన చేతికి లభించిన గౌరవమిది.

చివరి దశ

ప్రభుత్వం 1905లో కైజర్-ఎ-హింద్ పతకమిచ్చి సత్కరించింది. 1928లో ఆసుపత్రి చరిత్రను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించింది. 1930లో గుంటూరులోనే మరణించింది. ఆసుపత్రి తరువాత ఈమె పేరుతోనే కుగ్లర్ ఆసుపత్రిగా ప్రసిద్ధమైంది.