ఇరవై తొమ్మిదవ ప్రయాణం



టూరిన్ నగరం పేరు వినగానే మీలో చాలామందికి డాన్ బోస్కో గారు జ్ఞాపకం వస్తారు. దిక్కులేని పిల్లలను చేరదీసి వారికి చదువు, చేతిపని నేర్పిన పునీతుని ఊరు అది. ఈ వారం అదే ఊరి మీదికి బాంబులు మోసుకుని వెళ్లిన ఒక ఆస్ట్రేలియా యువకుని జీవితాన్ని మీ ముందుంచుతున్నాను. అటువంటివాని కథ మనకెందుకని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్న న్యాయమైనదే, తప్పించుకోను. అయితే ముందు ఆ మనిషిని తెలుసుకోండి.

రాడన్ హ్యూమ్ మిడిల్టన్ 1916 జూలై 22న సిడ్నీ నగరంలోని వేవర్లీలో జన్మించారు. తండ్రి న్యూ సౌత్ వేల్స్ లోతట్టు ప్రాంతంలో గొర్రెల ఎస్టేటుకు మేనేజరు. ఆ దేశంలో గొర్రెల ఎస్టేటు అంటే మన ఊళ్లలో కనిపించే మందలాంటిది కాదు. కనుచూపు మేర ఒకే కంచె, దానిలో వేల గొర్రెలు, గుర్రం ఎక్కితే తప్ప తిరగలేని నేల. మిడిల్టన్ డబ్బో పట్టణంలోని హైస్కూలులో చదివి, ఆ తర్వాత తండ్రి చూస్తున్న ఎస్టేటులోనే పనికి కుదిరారు. ఆటలంటే ఇష్టం, మాటలు మాత్రం తక్కువ.

రెండవ ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు, 1940 అక్టోబరు 14న, ఆయన ఆస్ట్రేలియా వైమానిక దళంలో చేరారు. అప్పటికి వయస్సు ఇరవై నాలుగు. నారొమైన్‌లో విమానం నడపడం నేర్చుకుని, కెనడాలో పై శిక్షణ పొంది, 1941లో బ్రిటన్ చేరారు. 1942 ఆరంభంలో 149వ స్క్వాడ్రన్‌లో చేరి స్టిర్లింగ్ విమానాలు నడపసాగారు. నాలుగు ఇంజన్ల పెద్ద బాంబరు అది. బరువెక్కువ, పైకి ఎక్కే శక్తి తక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పనికి వస్తుంది.

ఆ రోజుల్లో బాంబరు సిబ్బందికి ఒక లెక్క ఉండేది. ముప్పై దాడులు పూర్తి చేస్తే కొంతకాలం విశ్రాంతి. వినడానికి చిన్న సంఖ్యే. కాని బ్రిటన్ బాంబర్ కమాండ్‌లో యుద్ధకాలమంతా పనిచేసిన సుమారు 1,25,000 మంది విమాన సిబ్బందిలో 55,573 మంది తిరిగి రాలేదు. వారిలో దాదాపు మూడున్నర వేలమంది ఆస్ట్రేలియా బిడ్డలు. ముప్పై వరకు లెక్కపెట్టగలిగినవాడు అదృష్టవంతుడు.

ఇప్పుడు నేను మీకు చెప్పదలచిన సంగతికి వస్తున్నాను. అది యుద్ధరంగంలో జరిగినది కాదు. 1942 ఆగస్టులో పాత్‌ఫైండర్ అనే కొత్త దళాన్ని ఏర్పరచారు. మిగతా విమానాల కంటే ముందుగా వెళ్లి, వెలుగు గుండ్లు జారవిడిచి, గురి చూపించడం దాని పని. దానికి నాయకుడైన డొనాల్డ్ బెన్నెట్ కూడా ఆస్ట్రేలియా దేశస్థుడే. చేయి తిరిగినవారికే అందులో చోటు. మిడిల్టన్‌ను, ఆయన సిబ్బందిని ఆ దళానికి చెందిన ఏడవ స్క్వాడ్రన్‌కు పంపారు. కొద్దికాలానికే, దారి లెక్కకట్టే నావిగేటరు అక్కడికి తగినంత నేర్పరి కాడని పై అధికారులు తేల్చారు. వేరొకనిని తీసుకుంటే మీరు ఇక్కడే ఉండవచ్చని మిడిల్టన్‌కు తెలిపారు. ఆయన ఒప్పుకోలేదు. తనవాళ్లందరితో కలిసి పాత స్క్వాడ్రన్‌కే తిరిగి వెళ్లిపోయారు.

అధికారుల తీర్పు తప్పని నేననను. చీకట్లో దారి చూపించవలసిన దళానికి మంచి నావిగేటరు కావాలి కదా! అయినా, పక్కవాని చేయి విడిచి పైమెట్టు ఎక్కే అవకాశం మనకు వచ్చినప్పుడు మనం ఏమి చేశామో ఎవరికి వారు జ్ఞాపకం చేసుకోవచ్చు.

1942 నవంబరు 28 రాత్రి. ఇంగ్లాండులోని లేకెన్‌హీత్ నుండి టూరిన్‌లోని ఫియట్ కర్మాగారం మీదికి ప్రయాణం. మిడిల్టన్‌కు అది ఇరవై తొమ్మిదవది. విమానంలో మొత్తం ఎనిమిది మంది. వారిలో ఆఫీసర్లు ఉన్నా, ఫ్లైట్ సార్జెంట్ అయిన మిడిల్టనే కెప్టెన్. ఆల్ప్స్ పర్వతాలు దాటాలంటే 12,000 అడుగులు ఎక్కాలి. స్టిర్లింగ్ ఎక్కలేక ఎక్కింది, పెట్రోలు విపరీతంగా తాగింది. కొండ శిఖరాలు కూడా కనిపించనంత చీకటి. తిరుగు ప్రయాణానికి పెట్రోలు చాలీచాలకుండా మిగిలేట్టుంది. వెనక్కి మళ్లితే ఎవరూ తప్పు పట్టేవారు కాదేమో. ముందర వెలుగు గుండ్లు కనిపించేసరికి ఆయన ముందుకే వెళ్లారు.

టూరిన్ మీద 2,000 అడుగులకు దిగి, గురి కనిపించేదాకా మూడుసార్లు తిరిగారు. అంత తక్కువ ఎత్తున ఫిరంగులకు దొరకకుండా ఎలా ఉంటారు? ఎడమ రెక్కకు పెద్ద రంధ్రం పడింది. మరో గుండు ముందు గదిలోనే పేలింది. మిడిల్టన్ కుడి కన్ను పోయింది, దానిపైన ఎముక బయటపడింది. పక్కనున్న రెండవ పైలట్ హైడర్‌కు తలకు, రెండు కాళ్లకు గాయాలు. వైర్‌లెస్ ఆపరేటరు కాలికి దెబ్బ. మిడిల్టన్ స్పృహ తప్పగా విమానం 800 అడుగులకు పడిపోయింది. రక్తం కారుతూనే హైడర్ దాన్ని పైకి లేపారు, బాంబులు విడిచారు. తెలివి రాగానే మిడిల్టన్ మొట్టమొదట చేసిన పని, హైడర్‌ను కట్టు కట్టించుకోవడానికి వెనక్కి పంపి, తానే స్టీరింగు అందుకోవడం.

ఇక్కడ ఆగి, మీ ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఆ బాంబుల కింద ఉన్నది కర్మాగారం ఒక్కటే కాదు. ఆ నవంబరు దాడుల్లో టూరిన్‌లో సామాన్య జనం కూడా చనిపోయారు. తల్లులు, పిల్లలు ఉన్న ఊరు అది. మిడిల్టన్ ధైర్యం ఆ మరణాలను చిన్నవి చేయదు. ఆ మరణాలున్నాయని, తరువాత నాలుగు గంటల పాటు ఆయన చేసినదాన్ని దాచిపెట్టనూ కూడదు. రెండూ ఒకే రాత్రి జరిగాయి. రెండింటినీ కలిపే చెప్పాలని నా అభిప్రాయం.

ముందు అద్దం పగిలి చలిగాలి ముఖాన కొడుతోంది. మిగిలిన కంటికి చూపు సరిగా ఆనడం లేదు, మాట్లాడితే నొప్పి. ఫ్రాన్సులో దిగిపోదామా, పారాచూట్లతో దూకేద్దామా అని చర్చ జరిగింది. అలా దిగితే ప్రాణాలు దక్కవచ్చు, కాని శత్రువు చేతికి చిక్కుతారు. ఇంగ్లాండు తీరం వరకు చేర్చి మిమ్మల్ని అక్కడ దింపుతానని మిడిల్టన్ నిశ్చయంగా తెలిపారు. అప్పటికి ఆయన గాయాలతో, ఆ మిగిలే పెట్రోలుతో, తనకు దూకే అవకాశం ఉండదని ఆయనకు తెలియకపోలేదు.

ఫ్రాన్సు తీరం దాటుతుండగా మళ్లీ ఫిరంగి కాల్పులు. వాటినీ తప్పించుకుని కెంట్ తీరం చేరేసరికి ఐదు నిమిషాల పెట్రోలు మిగిలింది. విమానాన్ని తీరం వెంబడి నడుపుతూ అందరినీ దూకమని ఆజ్ఞాపించారు. ఐదుగురు దూకి క్షేమంగా నేల చేరారు, వారిలో హైడర్ ఒకరు. ముందు గన్నర్ మాకీ, ఫ్లైట్ ఇంజనీర్ జెఫ్రీ మాత్రం కెప్టెన్‌ను విడువలేక ఆగిపోయారు. చివరికి వారూ దూకారు, కాని అప్పటికి కింద సముద్రం. చలి నీళ్లలో ఇద్దరూ మరణించారు. మరునాడు శవాలు దొరికాయి. విమానం మిడిల్టన్‌తో సహా సముద్రంలో కూలింది.

1943 జనవరిలో ఆయనకు విక్టోరియా క్రాస్ ప్రకటించారు. ఆ యుద్ధంలో ఆస్ట్రేలియా వైమానిక దళ సభ్యునికి దక్కిన మొదటి విక్టోరియా క్రాస్ అది. ఆయనను ఆఫీసరుగా చేసినట్టు ఉత్తర్వు కూడా, నవంబరు నడుమ నుండి వర్తించేటట్టుగా, చనిపోయాకే వచ్చింది. అప్పటికింకా శరీరం దొరకలేదు. ఫిబ్రవరి 1న డోవర్ దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. సఫోక్‌లోని బెక్ రో గ్రామంలో, సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో సైనిక మర్యాదలతో సమాధి చేశారు. ఆయన వయస్సు ఇరవై ఆరు.

బతికినవారిలో డగ్లస్ కామెరాన్ అనే గన్నర్ మళ్లీ దాడులకు వెళ్లారు. 1944 ఆగస్టు 4న ఆయన ఉన్న లాంకాస్టర్ విమానం ఫ్రాన్సు మీద మంటల్లో చిక్కుకుంది. దాని కెప్టెన్ ఇయాన్ బాజల్గెట్ దూకగలిగినవారిని దూకమని, దూకలేని ఇద్దరి కోసం తాను విమానంలోనే ఉండి నేలకు దింపారు. దిగీదిగగానే అది పేలి ముగ్గురూ మరణించారు. ఆయనకూ విక్టోరియా క్రాస్ ఇచ్చారు. కామెరాన్ ఆ రోజు కూడా దూకి బ్రతికారు.