ఆరు పెన్నీల సిపాయి రాసిన గ్రామరు

మన హాస్టల్లో చాలామందికి ఇంగ్లీషు గ్రామరు అంటే గుండెదడ. 'హి గో' అనాలా, 'హి గోస్' అనాలా? 'ఐ' ఎక్కడ రావాలి, 'మి' ఎక్కడ రావాలి? ఇంగ్లండులో పుట్టి, ఇంగ్లీషే తల్లిభాష అయిన ఒక పేద కుర్రాడికీ ఈ కష్టం తప్పలేదు. ఆయనే విలియం కాబెట్.

కాబెట్ 1763 మార్చి 9న సర్రే ప్రాంతంలోని ఫార్నమ్‌లో జన్మించాడు. తండ్రి చిన్న రైతు. చిన్ననాడే చేలో పిట్టలు తోలే పనికి వెళ్లాడు. బడిచదువు అంతంత మాత్రమే. పదకొండేళ్ల వయసులో పని వెతుక్కుంటూ నడిచి వెళ్తూ, రాత్రి భోజనానికి దాచుకున్న మూడు పెన్నీలతో ఒక పుస్తకం కొనుక్కున్నాడు.

1784లో సైన్యంలో చేరాడు. జీతం రోజుకు ఆరు పెన్నీలు. అక్కడ రాతపని అప్పజెప్పిన అధికారి అతని వ్యాకరణ దోషాలు చూసి, చదువుకోమని ప్రోత్సహించాడు. కాబెట్ రాబర్ట్ లౌత్ రాసిన వ్యాకరణాన్ని తీసుకుని మొత్తం చేత్తో ఎత్తి రాశాడు. కంఠస్థం చేసి, కాపలా కాస్తూ కూడా మనసులో వల్లె వేసుకునేవాడు. మంచం అంచే కుర్చీ, ఒళ్లో చెక్కముక్కే బల్ల, వీపుసంచే పుస్తకాల బీరువా. కొవ్వొత్తికి డబ్బుల్లేక చలికాలంలో పొయ్యిమంట వెలుగులో చదివాడు. కాగితం కొనాలంటే తిండి తగ్గించుకోవాలి. ఒకసారి ఎండుచేప కోసం దాచుకున్న అరపెన్నీ పోతే, దుప్పటి కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ చదువు వృథా పోలేదు. సార్జెంట్ మేజర్ అయ్యాడు. తర్వాత ఫిలడెల్ఫియాలో ఫ్రెంచివారికి ఇంగ్లీషు నేర్పాడు. 1802లో సొంత పత్రిక ప్రారంభించాడు. సిపాయిలను కొరడాలతో కొట్టడాన్ని ఖండించినందుకు 1810లో రెండేళ్ల జైలుశిక్ష పడింది.

సామాన్యులకు ఓటు లేని రోజులవి. సంస్కరణ కోరుతూ 1793లో నాటింగ్‌హామ్ ప్రజలు పంపిన అర్జీని, భాష గౌరవంగా లేదంటూ పార్లమెంటు స్వీకరించలేదు. భాష రాకపోతే మన గొంతును తొక్కేస్తారని కాబెట్ గ్రహించాడు. 1818లో అమెరికాలో ప్రవాసంలో ఉండగా, కొడుక్కి ఉత్తరాల రూపంలో వ్యాకరణం రాసి ప్రచురించాడు. అది ముఖ్యంగా సిపాయిలకు, నావికులకు, పనినేర్చుకునే కుర్రాళ్లకు, నాగలి పట్టే పిల్లలకు అని అట్టమీదే చెప్పాడు. తర్వాత రాజుగారి ప్రసంగాల్లో, మంత్రుల రాతల్లో తప్పులు ఎత్తిచూపుతూ ఆరు పాఠాలు చేర్చాడు. పెద్దపదవి ఉన్నంత మాత్రాన వ్యాకరణం రాదని నాగలి పట్టినవాడు నిరూపించాడు!

మనకు ఇందులో ఒక సులువు ఉంది. తెలుగులో నేను వెళ్తాను, నువ్వు వెళ్తావు, వాడు వెళ్తాడు అని క్రియను కర్తకు తగ్గట్టు మార్చడం మనకు పుట్టుకతోనే అలవాటు. ఇంగ్లీషు వర్తమానంలో మామూలు క్రియలకు హి, షి, ఇట్ దగ్గర మాత్రమే చివర 'స్' చేరుతుంది. అలాగే సార్ తమ్ముడికీ నాకూ పుస్తకం ఇచ్చారు అంటాం గాని, తమ్ముడికీ నేనూ అనం. ఆ నాకు ఉన్నచోట ఇంగ్లీషులో 'మి' రావాలి, 'ఐ' కాదు. అనుమానం వస్తే తమ్ముణ్ని తీసేసి చదవండి. తప్పు దానంతటదే బయటపడుతుంది.

కాబెట్‌లో లోపాలూ ఉన్నాయి. నల్లజాతి బానిసల విముక్తి ఉద్యమాన్ని ఎద్దేవా చేశాడు, యూదులను ద్వేషించాడు. తన పేదల కోసం పోరాడినవాడు ఇతర పీడితుల బాధ చూడలేకపోయాడు. ఆ తప్పు మనం చేయరాదు.

1832లో ఓల్డమ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. 1835 జూన్ 18న కన్నుమూశాడు. అర్జీలను తిరస్కరించిన ఆ సభలోనే ఒకనాటి పిట్టలు తోలిన కుర్రాడు నిలబడి మాట్లాడాడు. మనకు హాస్టల్లో దీపం ఉంది, పుస్తకం ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రోజుకొక్క నియమం చేత్తో రాసి చూడండి. మన అర్జీ మనమే రాసుకునే రోజు రావాలి.