అబిద్ హసన్ సఫ్రానీ

పాఠశాలలో జెండావందనం ముగియగానే పిల్లలందరూ ఒక్క గొంతుతో జైహింద్ అంటారు. ఆ మాటను సైనికుల వందనంగా సూచించినవాడు అబిద్ హసన్ అని ప్రసిద్ధి.

పూర్వం నిజాం రాజ్యంలోని పల్లెల నుండి అనేకమంది తెలుగువారు బతుకుదెరువు కోసం ముంబయి చేరారు. ఇళ్ళు, రోడ్లు కట్టే పనులు చేసిన ఆ కామాఠీల పేరుమీదనే కామాఠీపురా ఏర్పడింది. ఆ నిజాం రాజ్యానికి రాజధాని అయిన హైదరాబాదులో 1911లో అబిద్ హసన్ జన్మించాడు. ఆయన తల్లి గొప్ప దేశభక్తురాలు. కుమారుని పైచదువులకు ఇంగ్లాండుకు పంపడం ఆమెకు ఇష్టం లేదు. అబిద్ హసన్ యువకుడుగా ఉన్నప్పుడే శాసనోల్లంఘన ఉద్యమంలో పాల్గొని నాసిక్ జైలులో శిక్ష అనుభవించాడు. తరువాత ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళాడు.

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో నేతాజీ సుభాష్ చంద్రబోస్ జర్మనీ చేరాడు. ఆయన పిలుపు విని అబిద్ హసన్ చదువు మానేసి ఆయనకు కార్యదర్శి అయ్యాడు. అక్కడ ఖైదీలుగా ఉన్న భారత సైనికులతో నేతాజీ ఒక దళాన్ని ఏర్పాటు చేశాడు. ఆంగ్లేయుల సైన్యంలో కులమతాల వారీగా పటాలాలు ఉండేవి. సైనికులు ఒకరినొకరు తమ తమ మతాచారాల ప్రకారం పలకరించుకొనేవారు. నేతాజీ దళంలో అందరూ కలిసి ఉండాలి. అందుకు అందరికీ తగిన ఒకే వందనం కావలసి వచ్చింది. అదే జైహింద్.

1943 ఫిబ్రవరి 9న నేతాజీతోపాటు అబిద్ హసన్ కీల్ రేవులో జర్మన్ జలాంతర్గామి ఎక్కాడు. సముద్రం అడుగున శత్రునౌకల కంటపడకుండా సాగిన ఆ ప్రయాణంలో నేతాజీ వెంట ఉన్న భారతీయుడు ఆయన ఒక్కడే. మడగాస్కర్ సమీపంలో వారిద్దరూ నడిసముద్రంలో చిన్న తెప్ప మీద జపాను జలాంతర్గామిని చేరుకున్నారు. మే 6న సుమత్రా వద్ద ఒడ్డు చేరారు.

1944లో ఆజాద్ హింద్ ఫౌజ్ ఇంఫాల్ వైపు కదిలింది. అబిద్ హసన్ ఆ రంగంలో పోరాడాడు. వానలు ముంచెత్తాయి. ఆహారం అందలేదు. మలేరియా ఎందరినో పొట్టన పెట్టుకుంది. ఓటమితో తిరుగుముఖం పట్టిన సైనికుల కష్టాలను ఆయనా పంచుకున్నాడు.

జెండా రంగు విషయంలో ఒకసారి సైనికుల మధ్య వివాదం తలెత్తింది. హిందువులు కాషాయం, ముస్లిములు ఆకుపచ్చ కావాలన్నారు. చివరకు హిందూ సైనికులే తమ పట్టుదల విడిచిపెట్టారు. వారి ఔదార్యానికి అబిద్ హసన్ మనసు కరిగింది. కాషాయానికి గుర్తుగా సఫ్రానీ అనే మాటను తన పేరులో చేర్చుకున్నాడు.

యుద్ధం ముగిశాక ఫౌజ్ అధికారులపై ఢిల్లీ ఎర్రకోటలో విచారణ జరిగింది. దేశమంతా భగ్గుమంది. 1946 ఫిబ్రవరి 18న ముంబయిలో నౌకాదళ సైనికులు తిరగబడ్డారు. ఫౌజ్ ఖైదీలను విడుదల చేయాలన్నది వారి కోరికలలో ఒకటి. ఫిబ్రవరి 22న మిల్లు కార్మికులు సమ్మె చేసి వారికి అండగా నిలిచారు. ఆ మిల్లులలో తెలుగు నేతపనివారూ ఉండేవారు. ఆ రోజులలో జరిగిన కాల్పులలో రెండు వందల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఆంగ్లేయుల చెరలో ఉన్న అబిద్ హసన్ కూడా 1946లో విడుదలయ్యాడు.

స్వాతంత్ర్యం వచ్చినా ఫౌజ్ వీరులను తిరిగి సైన్యంలో చేర్చుకోలేదు. వారిలో చాలామంది పేదరికంలోనే జీవించారు. 1972లో ప్రారంభమైన స్వాతంత్ర్య సమరయోధుల పింఛను పథకంలో వారికీ చోటు లభించింది. అబిద్ హసన్ విదేశాంగ శాఖలో చేరి, డెన్మార్కులో భారత రాయబారిగా పనిచేసి, 1969లో పదవీ విరమణ చేశాడు. 1984లో హైదరాబాదులో కన్నుమూశాడు.

పేరు తెలిసిన వీరులు కొందరే. ఇంఫాల్ కొండలలో నేలకొరిగినవారి పేర్లు, ముంబయి వీధులలో తుపాకి గుండ్లకు బలైనవారి పేర్లు చాలామందికి తెలియవు. జైహింద్ అన్నప్పుడు వారందరినీ తలచుకోవడం మన కర్తవ్యం.