చర్చల మీద నమ్మకం: వి. వి. గిరి గారి జీవితం

డిగ్రీ అయ్యాక ఏం చెయ్యాలి అనే మాట వస్తే మా క్లాసులో ఇద్దరు ముగ్గురైనా హెచ్.ఆర్. అంటున్నారు. అందులోనూ శాఖలున్నాయి. మనుషుల్ని ఎంపిక చేయటం ఒకటి, తర్ఫీదు ఇవ్వటం ఒకటి, జీతభత్యాలు చూడటం ఒకటి. యాజమాన్యానికీ కార్మికులకూ తగాదా వస్తే సర్దుబాటు చేసే పారిశ్రామిక సంబంధాల శాఖ మరొకటి. ఇద్దరి చేతా మాటలు పడాలని దీన్ని ఎక్కువమంది కోరుకోరు. కానీ ఈ రంగంలోనే ఎదిగిన ఒక తెలుగువారు రాష్ట్రపతి అయ్యారు. ఆయనే వరాహగిరి వేంకటగిరి.

గిరిగారు 1894 ఆగస్టు 10న, నాటి మద్రాసు రాజధానిలోని బరంపురంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులుగారు వకీలు. 1913లో గిరిగారు లా చదవటానికి డబ్లిన్ వెళ్ళారు. ఆ ఏడే అక్కడ యజమానులు యూనియన్‌లో చేరిన కార్మికులను వేల సంఖ్యలో పనిలోంచి వెళ్ళగొట్టారు. ఐరిష్ ఉద్యమకారులతో సంబంధాలున్నాయని ప్రభుత్వం దేశం విడిచి పొమ్మనటంతో 1916లో తిరిగి వచ్చేశారు.

కొన్నాళ్ళు ప్లీడరీ చేసి, దాన్ని వదిలి రైల్వే కార్మికుల మధ్యకు వెళ్ళారు. బెంగాల్ నాగపూర్ రైల్వేలో యూనియన్ కట్టారు. 1927లో ఉద్యోగుల తొలగింపు మీద ఖరగ్‌పూర్‌లో పెద్ద సమ్మె జరిగినప్పుడు ఆ యూనియన్ నాయకుల్లో ఆయన ఒకరు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాగారిని ఓడించి, మద్రాసు రాష్ట్రంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948 ఫ్యాక్టరీల చట్టం 500 మంది, ఆపైన పనిచేసే కార్ఖానాలో వెల్ఫేర్ ఆఫీసరు ఉండాలంది. నేటి హెచ్.ఆర్. ఉద్యోగానికి మన దేశంలో ఉన్న మూలాల్లో అదొకటి. 1952లో గిరిగారు పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. తగాదాలన్నీ ట్రిబ్యునల్‌కు తోస్తే యూనియన్ బలహీనపడుతుందని, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చొని తేల్చుకోవాలని ఆయన వాదం. దీనికే గిరి విధానం అని పేరు వచ్చింది.

ఇది నాకు తేలిగ్గానే అర్థమైంది. మా ఊళ్ళో నాట్లప్పుడు కూలి రేటు గట్టు మీదే మాట్లాడుకుంటారు. కాసేపు కేకలేసుకున్నా, ఒప్పుకున్న మాట సీజనంతా నిలబడుతుంది. పై మనిషి వచ్చి చెప్పిన రేటుకు ఇరుపక్షాలూ గొణుగుతూనే ఉంటాయి.

ఆయన వాదాన్ని ప్రభుత్వం అంగీకరించలేదు. నిర్బంధ తీర్పుల పద్ధతే కొనసాగింది. 1954లో బ్యాంకు ఉద్యోగులకు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వమే మార్చి తగ్గించింది. ట్రిబ్యునళ్ళంటే ఇష్టం లేని మనిషే, ఒకసారి ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తప్పకూడదని మంత్రి పదవికి రాజీనామా చేశారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే.

తర్వాత మూడు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967లో ఉపరాష్ట్రపతిగా, 1969 నుంచి 1974 దాకా రాష్ట్రపతిగా పనిచేశారు. 1975లో భారతరత్న వచ్చింది. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు ఆయన పేరే పెట్టారు.

మిత్రులారా, హెచ్.ఆర్. లో ఏ శాఖ తీసుకోవాలో తేల్చుకునేటప్పుడు జీతంతోపాటు ఈ రాజీనామానూ గుర్తుంచుకోండి. రెండు పక్షాల మధ్య కూర్చునేవాడి మాట ఇద్దరికీ నమ్మకంగా ఉండాలి. ఆ నమ్మకం పోతే ఆ కుర్చీలో కూర్చొని చెయ్యగలిగింది ఏమీ ఉండదు.