చాకిరేవు నుండి కర్మాగారానికి

వైశాఖపుటెండలో దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ దాకా నడచిన ఉంగరాల జుట్టు బాలికకు తల గడ్డిపరకలవలె ఎండిపోతుంది. మాడున పుట్టే సహజతైలం మెలికలవెంట కొనల వరకు పాకలేకపోవడమే ఇందుకు కారణం. ఆఫ్రికా సంతతివారి కేశాలలో మెలికలు మరింత బిగువు, పొడిదనమూ మరింత. అమెరికా సమాజం ఆ కేశాలను చిరకాలం చిన్నచూపు చూచింది. వాటి సంరక్షణనే వేలాది స్త్రీలకు జీవనోపాధిగా మలచిన ధన్యురాలు శ్రీమతి సి.జె. వాకర్.

ఆమె అసలు పేరు సారా బ్రీడ్‌లవ్. 1867 డిసెంబరు 23న లూసియానా రాష్ట్రంలోని డెల్టాలో, బానిసత్వం నుండి విముక్తులైన దంపతులకు జన్మించింది. ఏడేండ్లకు తల్లిదండ్రులను, ఇరువదేండ్లకు భర్తను కోల్పోయి, సెయింట్ లూయిస్ నగరం చేరి, బట్టలుతికి కుమార్తెను పోషించింది. ఇంతలో మాడువ్యాధి సోకి జుట్టు రాలసాగింది. ఇంట నీటివసతి లేక తలస్నానమే అరుదైన ఆ రోజులలో ఎందరో పేదస్త్రీలది అదే బాధ.

ఆనీ టర్న్‌బో తయారుచేసిన లేపనాలను కొంతకాలం విక్రయించి, 1906 నాటికి డెన్వరులో స్వంత వ్యాపారం నెలకొల్పింది. తరచు తలస్నానం, మాడుకు మర్దన, గంధకము పెట్రోలియం జెల్లీ కలిపిన లేపనం: ఇదీ ఆమె పద్ధతి. జిడ్డుపూత తేమను ఆరిపోనీయదు. వేడి దువ్వెనను ఆమెయే కనిపెట్టిందనే ప్రచారం మాత్రం సత్యం కాదు.

1910లో ఇండియానాపోలిస్ చేరి కర్మాగారం నిర్మించింది. 1917లో ఫిలడెల్ఫియాలో జరిపిన సభకు రెండువందలమందికి పైగా మహిళా ప్రతినిధులు వచ్చారు. నల్లజాతివారిపై సాగే మూకహత్యలను నిషేధించాలన్న ఉద్యమానికి 5,000 డాలర్లు విరాళమిచ్చి, 1919 మే 25న, ఏబదియొకటవ ఏట కన్నుమూసింది. తన తలకు వచ్చిన కష్టంలో తోడి స్త్రీల కష్టాన్ని గుర్తించడమే ఆమె గొప్పతనం.