రాజవైద్యం అందిన రాకుమారి

విశాఖపట్నంలో ఆడవాళ్ళ ఆసుపత్రిని అందరూ ఘోషాసుపత్రి అంటారు గానీ దాని అసలు పేరు విక్టోరియా ఆసుపత్రి. ఆ విక్టోరియా మహారాణి ఈ లోకంలోకి రావడానికి కారణం, ఆమె కంటే ముందు ఓ రాకుమారి పురిట్లో పోవడం. ఆ రాకుమారి పేరు షార్లెట్. బతికి ఉంటే ఇంగ్లండు రాణి అయ్యేది. విక్టోరియా పేరు మనం వినే ఉండేవాళ్ళం కాదేమో.

షార్లెట్ మీద నాకు ఇంత పట్టు ఎందుకంటే, ఆవిడకు లేనిదంటూ లేదు. డబ్బుంది, రాజ్యముంది, దేశంలో అందరికంటే పేరున్న వైద్యులు గుమ్మం దగ్గరే ఉన్నారు. అయినా తొలికాన్పులో తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు. ఆ చివరి రాత్రి గురించే అందరూ రాశారు. నాకేమో దానికి ముందు నెలల్లో ఏం జరిగిందన్నదే అసలు సంగతి అనిపిస్తుంది.

షార్లెట్ 1796 జనవరి 7న లండన్‌లోని కార్ల్‌టన్ హౌస్‌లో పుట్టింది. తండ్రి యువరాజు జార్జి, తల్లి కరోలిన్. ఆ ఆలుమగలకు పెళ్ళినాటి నుంచే పడలేదు. బిడ్డ పుట్టిన కొద్ది రోజులకే వేరుపడ్డారు. తల్లి ఓ ఇంట్లో, తండ్రి ఓ ఇంట్లో, పిల్ల గవర్నెస్‌ల చేతుల్లో. తాతగారు మూడో జార్జికి అప్పటికి 13 మంది కొడుకులూ కూతుళ్ళూ బతికే ఉన్నా, ధర్మపత్నికి పుట్టిన మనవరాలంటూ ఈ ఒక్కతే. చూడండి ఎంత విచిత్రమో! దాంతో దేశం మొత్తం ఆ పిల్లవైపే చూసేది.

పిల్ల మాత్రం గడుసుది. గట్టిగా నవ్వేది, తోచింది చేసేది. తండ్రి కుదిర్చిన హాలెండు రాకుమారుడి సంబంధం వద్దని 1814లో తెగేసి చెప్పింది. తండ్రి కోప్పడి ఇంట్లో కట్టడి చేయబోతే, వీధిలోకి పరుగెత్తి అద్దె బండి ఎక్కి అమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. పద్దెనిమిదేళ్ళ రాకుమారి అద్దె బండిలో! ఊరంతా అదే కబురు. చివరికి తిరిగి రాక తప్పలేదనుకోండి. ఆ ఏడాదే తల్లి దేశం విడిచి వెళ్ళిపోయింది. కూతుర్ని మళ్ళీ చూడలేదు.

తర్వాత తనే మెచ్చి జర్మనీ ప్రాంతపు కోబర్గ్ వంశంలోని లియోపోల్డ్‌ను 1816 మే 2న పెళ్ళి చేసుకుంది. అతనికి ఆస్తి పెద్దగా లేదు గానీ మనిషి నెమ్మది. ఆమె దూకుడుకు అతని నిదానం సరిపోయింది. సర్రే జిల్లాలో ఈషర్ దగ్గర క్లేర్‌మాంట్ అనే భవనంలో కాపురం పెట్టారు. ఆమె జీవితంలో సుఖపడిందంటే ఆ ఏడాదిన్నరే. మొదట్లో కడుపు నిలవలేదంటారు. 1817లో నిలిచింది. ఏప్రిల్ నెలాఖరుకి ఆ శుభవార్త దేశానికంతా చెప్పేశారు. పుట్టేది మగపిల్లాడా ఆడపిల్లా అని జనం పందాలు కూడా కాసుకున్నారు.

ఇక ఇక్కడి నుంచి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

ఆమెను చూసే బాధ్యత సర్ రిచర్డ్ క్రాఫ్ట్‌కి అప్పగించారు. గొప్పింటి ఆడవాళ్ళకి పురుళ్ళు పోయడంలో అప్పట్లో బాగా నడిచిన పేరు ఆయనది. మామగారు థామస్ డెన్మన్ ఆ విద్యలో పెద్ద పండితుడు. రాజకుటుంబం వైద్యుడు మాథ్యూ బెయిలీ క్రాఫ్ట్‌కి తోడల్లుడు. మూడో మనిషి జాన్ సిమ్స్, ప్రసూతి వైద్యంతో పాటు మొక్కల శాస్త్రంలోనూ పేరున్నవాడు. ఇలా ముగ్గురు.

షార్లెట్ ఒళ్ళు చేసింది. బిడ్డ కూడా మరీ పెద్దదవుతుందేమో, కాన్పు కష్టమవుతుందేమో అని క్రాఫ్ట్ ఆగస్టు నుంచి తిండి తగ్గించాడు. దాంతో ఊరుకోలేదు. మధ్యమధ్య నెత్తురు తీయించాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి ఒంట్లో నెత్తురు ఎక్కువై పొంగుతుందనీ, కొంత తీసేస్తే మంచిదనీ ఆ కాలపు నమ్మకం. ఆయన సొంతంగా కల్పించిందేమీ కాదు, అప్పటి వైద్యుల్లో చాలామంది చేసేదే.

ఇప్పుడు మనకు తెలిసిన సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. గర్భిణికి ఒంట్లో రక్తం దాదాపు సగం దాకా పెరుగుతుంది. బిడ్డకి అందించడానికీ, కాన్పులో పోయేదాన్ని తట్టుకోవడానికీ శరీరం ముందే చేసుకునే ఏర్పాటది. పండగకని దాచుకున్న బియ్యాన్ని ముందు నెలలోనే బయట పారబోసినట్టయింది వీళ్ళ పని. మూడు నెలల్లో హుషారైన ఆ పిల్ల నీరసపడిపోయింది. సంతోషం తగ్గి దిగులుగా ఉండేది. తిండి కట్టడి వల్ల బిడ్డ చిన్నదయిందా అంటే అదీ లేదు. పుట్టిన పిల్లాడు 9 పౌన్లు, అంటే నాలుగు కిలోల పైనే.

ఇదంతా విని మనం నవ్వుకోవడానికి లేదు. ఎక్కువ తింటే బిడ్డ లావెక్కుతుంది, కాన్పు కష్టమవుతుంది అన్న మాట మన ఇళ్ళల్లో ఎవరు వినలేదు చెప్పండి? నా తొలిచూలులో ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పెద్దవాళ్ళు నా కంచం వైపే చూసేవారు. వాళ్ళది ప్రేమే, కాదనను. క్రాఫ్ట్‌ది కూడా దుర్మార్గం కాదు.

క్లేర్‌మాంట్‌లో ఇంకో డాక్టరు కూడా ఉన్నాడు. పేరు స్టాక్‌మార్. లియోపోల్డ్‌తో పాటు వచ్చిన జర్మన్, అప్పటికి ముప్ఫయ్యేళ్ళవాడు. ఈ నెత్తురు తీయడాలూ, కడుపు మాడ్చడాలూ పాతబడిన వైద్యమని అతనికి తెలుసు. మొదటి నెలల్లోనే తప్పు జరుగుతోందని గ్రహించి రాకుమారుడికి చెప్పాననీ తర్వాత రాసుకున్నాడు. కానీ ఆమె వైద్యంలో పాలు పంచుకోమంటే ఒప్పుకోలేదు. అంతా బాగా జరిగితే పేరు ఇంగ్లీషు వైద్యులకి వస్తుంది, బెడిసికొడితే నింద పరదేశి నెత్తిన పడుతుంది అని లెక్క వేసుకున్నాడు. అతని లెక్క తప్పని అనలేం. అయితే అతను చెప్పిన మాట భర్త దాకా వెళ్ళింది గానీ వైద్యం మాత్రం మారలేదు. పెళ్ళి సంబంధం వద్దని రాజ్యాన్ని ఎదిరించిన పిల్ల ఇక్కడ వైద్యులు చెప్పినట్టల్లా విన్నది. పక్కన అడిగేవాళ్ళు లేరు. మనకైతే తొలికాన్పుకి పుట్టిల్లు ఉంటుంది. ఆమె తల్లి ఎక్కడో విదేశాల్లో ఉంది. కాన్పు వేళకి నానమ్మ బాత్ పట్నంలో ఉంది, తండ్రి సఫోక్‌లో వేటలో ఉన్నాడు.

ప్రశ్న అడగడమన్నది ఈ రోజుల్లోనూ అంత తేలిక కాదు లెండి. నేను మొదట చూపించుకున్న నర్సింగ్‌హోమ్‌లో డాక్టరుగారు రెండు రకాల మాత్రలు రాశారు. ఇవెందుకండీ అని అడిగితే, నీకెందుకమ్మా, రాసినవి వేసుకో అన్నారు. బి.పి. చూశారు గానీ ఎంతుందో చెప్పలేదు. చీటీ మీద కూడా రాయలేదు. మర్నాటికల్లా ఇంకో డాక్టరు కోసం వాకబు చేశాను. ఈ రెండో ఆవిడ బి.పి. చూసిన ప్రతిసారీ అంకె పైకి చదివి వినిపించి, నా చేతే కార్డు మీద రాయించేది. నెల నెలా ఆ అంకెల వరస చూసుకుంటుంటే ఎంత నిబ్బరంగా ఉండేదో.

షార్లెట్ కాలానికి ఈ అంకెలేవీ లేవు. చేతికి పట్టీ కట్టి బి.పి. చూసే సాధనం 1896లో గానీ రాలేదు. కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినవచ్చని జెనీవాలో మేయర్ అనే వైద్యుడు చెప్పింది 1818లో, అంటే ఆమె పోయిన మరుసటి ఏడాది! గర్భిణుల కోసమని ఆసుపత్రిలో ప్రత్యేకంగా ఓ మంచం కేటాయించినది ఎడింబరోలో, డాక్టర్ బాలంటైన్ చొరవతో, 1901లో. అప్పటిదాకా వైద్యమంటే నొప్పులు వచ్చాక చేసేదే. నెలలు నిండేలోపు చూడాల్సింది కూడా ఉంటుందన్న ఆలోచన కుదురుకోవడానికి అంత కాలం పట్టింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గర్భిణికి కనీసం 8 సార్లు పరీక్షలు జరగాలని చెప్పిందంటే, ఎంత దూరం వచ్చామో చూడండి.

సరే, కథలోకి వద్దాం. అక్టోబరు 19కి కాన్పవుతుందనుకున్నారు. రోజులు దాటిపోయాయి. నవంబరు 3 సోమవారం సాయంత్రం 7 గంటల ప్రాంతంలో నొప్పులు మొదలయ్యాయి. రాజ్యానికి వారసుడు పుడుతున్నాడంటే సాక్షులుండాలి కదా, మంత్రులకీ ఆర్చిబిషప్‌కీ కబురెళ్ళింది. వాళ్ళొచ్చి పక్క గదుల్లో కూర్చున్నారు. షార్లెట్‌ను అటూ ఇటూ నడిపించారు గానీ తినడానికి ఏమీ పెట్టలేదు. నొప్పులు వస్తున్నాయి, బలంగా రావడం లేదు. మంగళవారం గడిచింది. రాత్రికి సిమ్స్‌ను పిలిపించారు. పిలిపించి ఏం లాభం? ఆయన్ని ఆమె గదిలోకి రానివ్వలేదు. కొత్త మనిషిని చూస్తే భయపడుతుందని కాబోలు, పక్క గదిలోనే కూర్చోబెట్టారు. రోగిని చూడకుండా సలహా చెప్పే వైద్యుడన్నమాట.

ఫోర్సెప్స్ అప్పటికే వాడకంలో ఉన్నాయి. కానీ డెన్మన్ బోధన ప్రకారం తొందరపడకూడదు, ప్రకృతికి వదిలేయాలి. క్రాఫ్ట్ మామగారి మాట దాటలేదు. బుధవారం, 5వ తేదీ రాత్రి 9 గంటలకి బిడ్డ బయటికొచ్చాడు. మగపిల్లాడు, చక్కనివాడు, ప్రాణం లేదు. 50 గంటల నొప్పులు. గోరువెచ్చని నీళ్ళలో ఉంచారు, రుద్దారు, ఊపిరి ఊదారు. లాభం లేకపోయింది. తల్లి మాత్రం కుంగిపోకుండా దైవేచ్ఛ అనుకుని చుట్టూ ఉన్నవాళ్ళనే ఓదార్చింది. మాయ దానంతటది రాకపోతే క్రాఫ్ట్ చేత్తో తీశాడు. కొంత నెత్తురు పోయింది. గండం గడిచిందనుకున్నారు. రెండు రోజులుగా భార్యను విడిచి కదలని లియోపోల్డ్ నిద్రమందు వేసుకుని పడుకున్నాడు.

అర్ధరాత్రి దాటగానే వాంతులు, కడుపులో నొప్పి. ఒళ్ళు చల్లబడింది, ఊపిరి ఆడటం లేదు. క్రాఫ్ట్ పరుగెత్తుకుంటూ వెళ్ళి స్టాక్‌మార్‌ని లేపాడు. అన్ని నెలలూ దూరంగా ఉన్న ఆ మనిషి చేతిని ఆమె గట్టిగా పట్టుకుంది. భర్తను లేపడానికి అతను గది దాటబోయేసరికి ముద్దుపేరుతో రెండుసార్లు పిలిచింది. వెనక్కి తిరిగేసరికి అయిపోయింది. 6వ తేదీ తెల్లవారుజామున రెండున్నర గంటలు. వయసు ఇరవై ఒకటి.

పోయింది నెత్తురు కారడం వల్లనేనని ఎక్కువమంది అంటారు. 1951లో సర్ ఈర్డ్‌లీ హాలండ్ అనే ప్రసూతి వైద్యుడు పాత కాగితాలన్నీ తిరగేసి ఇంచుమించు అదే తేల్చాడు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందన్నవాళ్ళూ ఉన్నారు. ఏదైనా, ఆ రాత్రి పోయిన నెత్తుటినే లెక్క కట్టి, ఆగస్టు నుంచి తీసిన నెత్తుటిని పక్కన పెట్టడం నాకు మింగుడుపడదు.

దేశమంతా నల్లబట్టలు కట్టింది. దుకాణాల్లో నల్లగుడ్డ దొరకలేదు. అదే సమయంలో కవి షెల్లీ ఓ చిన్న పుస్తకం రాసి, పేదింటి ఆడవాళ్ళు ఇలాగే వేలమంది పోతుంటే ఎవరు ఏడ్చారని అడిగాడు. అతని భార్య మేరీని కన్న పది రోజులకే ఆమె తల్లి, స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్, పురిటి జ్వరంతో పోయింది. అడగడానికి అతనికి హక్కుంది మరి.

క్రాఫ్ట్‌ను రాజకుటుంబం ఏమీ అనలేదు, కృతజ్ఞతలు కూడా తెలిపారు. లోకం మాత్రం వదల్లేదు. అంతకంటే అతని మనసే వదల్లేదేమో. 1818 ఫిబ్రవరి 13న ఇంకో ఇంట్లో కాన్పు చూడటానికి వెళ్ళి, అక్కడే తుపాకితో కాల్చుకున్నాడు. ఆ తర్వాత ఇంగ్లండులో వైద్యులు ఫోర్సెప్స్ వాడకానికి ఎక్కువ మొగ్గారు. గర్భిణికి పెట్టే తిండి మీద మాత్రం అంత చర్చ జరగలేదు.

వారసుడి కోసం ముసలి రాజుగారి కొడుకులు తొందరపడి పెళ్ళిళ్ళు చేసుకున్నారు. వాళ్ళలో కెంట్ డ్యూక్ చేసుకున్నది లియోపోల్డ్ అక్కగారినే. షార్లెట్‌కి ఆవిడ వదిన. అప్పటికే ఇద్దరు పిల్లల తల్లి. నెలలు నిండుతుండగా 1819 వసంతంలో జర్మనీ నుంచి ఇంగ్లండుకి బండ్లలో బయల్దేరింది. వెంట షార్లెట్ ఫాన్ సీబోల్డ్ అనే డాక్టరమ్మను తెచ్చుకుంది. చూశారా, ఈవిడ పేరూ షార్లెట్టే. గీసెన్ విశ్వవిద్యాలయం నుంచి ప్రసూతి వైద్యంలో డాక్టరు పట్టా పొందింది, అదీ 1817లోనే. మే 24న కెన్సింగ్టన్‌లో విక్టోరియాను భూమ్మీదికి తెచ్చింది ఈవిడే. బిడ్డకు తల్లి తన పాలే ఇచ్చింది. సీబోల్డమ్మ తిరిగి జర్మనీ వెళ్ళి ఆగస్టులో అదే కోబర్గ్ కుటుంబంలో మరో పురుడు పోసింది. ఆ పుట్టినవాడు ఆల్బర్ట్, తర్వాత విక్టోరియా చేయి పట్టుకున్నవాడు.