ఎరిక్ లిడ్డెల్

దూరపు పరుగనగా నెంత దూరము? మన బాలురకు మైదానమును రెండుమారులు చుట్టివచ్చుటయే దూరము. ఫిన్లండు దేశస్థుడగు పావో నూర్మి 1924వ సంవత్సరపు పారిస్ ఒలింపిక్ క్రీడలలో ఒక్కదినముననే 1500, 5000 మీటర్ల పందెములు రెంటను గెలిచెను. అతనికి మొదటిది స్వల్పదూరమే. ఆ క్రీడలలోనే 400 మీటర్లు దూరమైనవా డొకడుండెను. అతడే ఎరిక్ లిడ్డెల్.

ఇతడు 1902లో చైనాలోని టియన్‌ట్సిన్ నగరమున స్కాట్లండు మిషనరీ దంపతులకు జన్మించెను. 100 మీటర్ల పరుగున మేటి. ఆ పందెపు తొలిపోటీలు ఆదివారమున జరుగునని కొన్ని మాసములు ముందుగనే తెలిసికొని, ప్రభువు దినమున పరుగెత్తనొల్లక, దానిని విడిచి 400 మీటర్లకు సాధన చేసెను. తుదిపందెమున వెలుపలి వరుస లభించెను. అచటినుండి తోడివారు కంటబడరు. బలము దాచుకొనుట దూరపు పరుగువారి నేర్పు. ఇతడు దాచుకొనలేదు. మొదటి సగమును 22.2 సెకండ్లలో ముగించెను. (ఇట్లు పరుగెత్తుడని మా బాలురకు నేను చెప్పను.) అయినను 47.6 సెకండ్లలో గెలిచెను.

1925లో ఉపాధ్యాయుడై చైనాకు మరలిపోయెను. 1943లో జపానువారు ఇతనిని వెయ్‌షియన్ శిబిరమున నిర్బంధించిరి. అచటి పిల్లలకు పాఠములు చెప్పుచు, ఆటలు నడపుచుండెను. మెదడులోని కంతిచేత 1945 ఫిబ్రవరి 21న, 43 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆగస్టు 17న శిబిరవాసులకు విడుదల కలిగెను.